పాత లారీ: పొద్దున కీచుమని, మధ్యాహ్నం హోరుమని. బెల్టా, వాటర్ పంపా, ఫ్యానా?

మీరు అడిగింది ఇదీ: పద్దెనిమిదేళ్ల పాత లారీ. పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరుస్తుంది, కాసేపటికి దానంతట అదే ఆగుతుంది. మధ్యాహ్నం లోడుతో పోతుంటే క్యాబిన్ కింద నుంచి హోరు మొదలవుతుంది. ఒక మెకానిక్ బెల్ట్ మార్చమన్నాడు, ఇంకొకాయన వాటర్ పంపు దించాల్సిందే అన్నాడు. ఎవరి మాట వినాలి?

ఇప్పటికైతే ఇద్దరి మాటా పక్కన పెట్టండి. సరిగ్గా ఇదే గొడవతో నేను మూడు నెలలు తిరిగాను, అక్కర్లేని సామాను కొన్నాను. నా తప్పల్లా ఒక్కటే. అది ఒక శబ్దం కాదు, రెండు. రెంటికీ ఒకే కారణం ఉంటుందని వెతుకుతూ కూర్చున్నాను.

నాది పది టైర్ల బండి, 2006 మోడల్. మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం వేసేవాళ్లం. మొదట కీచు వచ్చినప్పుడు అందరిలాగే కొత్త బెల్ట్ వేయించాను. నాలుగు రోజులు నిశ్శబ్దం. అయిదో రోజు మళ్లీ మొదలు. బిగువు చాలలేదేమోనని టామీ రాడ్డు పెట్టి ఇంకాస్త లాగాం. మావాడు క్లీనర్ బెల్ట్‌కు సబ్బు కూడా రాశాడు. సబ్బు రాస్తే పది నిమిషాలు నోరు మూస్తుంది, తర్వాత ఇంకా జారుతుంది. బెల్ట్ మీద కొట్టే స్ప్రే డబ్బాలదీ దాదాపు అదే కథ, పైగా దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఈలోగా మే నెల వచ్చింది, సూర్యాపేట దాటాక హోరు మొదలైంది. రోడ్డు పక్క షాపులో చూపిస్తే పంపు బేరింగ్ పోయింది అన్నారు. మార్పించాను. కీచు పోలేదు, హోరూ పోలేదు. తీసేసిన పంపు ఇప్పటికీ నా సీటు కింద ఉంది. చేత్తో తిప్పితే వెన్నలా తిరుగుతుంది.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పట్టుకున్నాడు. ఆయన బండి దగ్గరికి రాగానే సామాను పేరు ఒక్కటీ ఎత్తలేదు. ఇంజన్ చల్లారనిచ్చి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ బోల్టులు వదులు చేసి బెల్ట్ తీసేశాడు. తర్వాత నన్ను స్టార్ట్ చేయమన్నాడు. అర నిమిషం విన్నాడు, ఆపమన్నాడు. కీచు లేదు. అంటే గొడవ ఇంజన్ లోపల లేదు, బెల్ట్ తిప్పే వాటిలోనే ఎక్కడో ఉంది. ఈ పరీక్షకు పానా తప్ప ఖర్చు లేదు. కానీ రెండు జాగ్రత్తలు. బెల్ట్ లేకపోతే నీళ్లు తిరగవు కాబట్టి ఒక నిమిషం కంటే ఎక్కువ నడపొద్దు. కొన్ని బండ్లకు బ్రేకు వ్యాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది, అందుకని బెల్ట్ లేకుండా బండిని అంగుళం కూడా కదపొద్దు.

బెల్ట్ తీసి ఉండగానే ఒక్కో పుల్లీ చేత్తో తిప్పి చూడాలి. మంచి బేరింగ్ చప్పుడు లేకుండా తిరుగుతుంది. పోయిన బేరింగ్‌లో ఇసుక ఉన్నట్టు గరగర తగులుతుంది, ఆ గరుకు వేళ్లకు ముందే తెలుస్తుంది. ఫ్యాన్ పంపు షాఫ్ట్ మీదే ఉంటే, రెక్కను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. పంపు షాఫ్ట్‌లో ప్లే, అంటే వదులు, ఉంటే లటలటలాడుతుంది. పంపు కింద చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది, సీల్ పోతే కూలెంట్ అక్కడి నుంచే కారుతుంది. ఆ రంధ్రం కింద రంగు మరక ఎండిపోయి కనిపిస్తే పంపు దించడానికి అది గట్టి సాక్ష్యం. నా పంపుకు ఆ మరకా లేదు, ప్లే కూడా లేదు. దించక ముందు చూడాలని నాకు తోచలేదు, దించినవాళ్లకూ తోచలేదు.

మరి కీచు ఎక్కడిది? పెద్దాయన ఫోన్ టార్చి వేసి ఆల్టర్నేటర్ పుల్లీ గాడిలోకి చూడమన్నాడు. గాడి అడుగు అద్దంలా మెరుస్తోంది. వి-బెల్ట్ గాడి పక్క గోడలను పట్టుకుని తిప్పాలి, అడుగుకు తగలకూడదు. పుల్లీ అరిగి గాడి వెడల్పైతే బెల్ట్ కిందికి దిగిపోయి అడుగు మీద జారుతుంది. కొత్త బెల్ట్ నాలుగు రోజులు ఎందుకు పని చేసిందో అప్పుడు అర్థమైంది. కొత్తది కాస్త మందంగా ఉండి గోడలను పట్టుకుంది, గాడిలో సర్దుకోగానే అదీ అడుగుకు దిగింది. మీ బండికి బెల్ట్ బిగించి ఉండగా చూడండి. బెల్ట్ పై అంచు పుల్లీ అంచుకు సమానంగా గానీ, కొంచెం పైకి గానీ ఉండాలి. లోపలికి కూరుకుపోయి ఉంటే ఎన్ని బెల్టులు మార్చినా దండగే.

పొద్దున్నే ఎందుకు అరుస్తుందంటే, సెల్ఫ్ కొట్టాక బ్యాటరీ ఆకలి మీద ఉంటుంది. ఆల్టర్నేటర్ మీద అప్పుడే బరువు ఎక్కువ. బెల్ట్ చల్లగా బిర్రుగా ఉంటుంది, మంచు తడి కూడా తోడవుతుంది. బ్యాటరీ కాస్త నిండగానే బరువు తగ్గి అరుపు ఆగుతుంది. మీది ఇదేనా కాదా తేల్చుకోవాలంటే, అరుపు ఆగాక హెడ్‌లైట్లు వేసి కొంచెం రేజింగ్ ఇవ్వండి. మళ్లీ కీచుమంటే అది జారుడే.

కీచు కాకుండా పిచ్చుక అరిచినట్టు కిచకిచ అని తాళంగా వస్తుంటే లెక్క వేరు. అది సాధారణంగా పుల్లీలు ఒక వరుసలో లేకపోవడం. ఆల్టర్నేటర్ రిపేరు చేసినప్పుడు పుల్లీ వెనక వాషర్ ఒకటి ఎక్కువో తక్కువో పడితే చాలు. ఇంజన్ ఆపి, పుల్లీల ముఖాల మీద స్టీలు స్కేలు గానీ, బిగుతుగా పట్టిన దారం గానీ ఆనించి చూస్తే తేడా కనిపిస్తుంది. ఇంకో పరీక్ష ఉంది. ఇంజన్ స్లోలో ఉండగా దూరం నుంచి సీసాతో బెల్ట్ లోపలి వైపుకు కొంచెం నీళ్లు చల్లాలి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే వరుస తప్పినట్టు, నీళ్లు పడగానే ఇంకా పెరిగితే జారుతున్నట్టు. తువ్వాలు మెడలో వేసుకుని మాత్రం ఇంజన్ మీదికి వంగకండి. ఫ్యాన్ రెక్కలకు ఎదురుగానూ నిలబడకండి. పాత రెక్కకు పగులు ఉంటే అది ఎప్పుడు ఎగురుతుందో చెప్పలేం.

ఇక హోరు. నాకు అసలు బుద్ధి వచ్చింది ఇక్కడే.

మీ ఫ్యాన్ మధ్యలో గుండ్రటి అల్యూమినియం దిమ్మె ఉంటే అది విస్కస్ ఫ్యాన్. లోపల సిలికాన్ ఆయిల్ ఉంటుంది. ముందు భాగంలో ఉండే లోహపు పట్టీ రేడియేటర్ గుండా వచ్చే గాలి వేడిని పసిగట్టి, ఆయిల్‌కు దారి తెరుస్తుంది. అప్పుడు ఫ్యాన్ పట్టు అందుకుని పూర్తి వేగంతో తిరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఊరికే సగం సగం తిరుగుతుంది. ఫ్యాన్ వేగం రెట్టింపైతే దాన్ని తిప్పడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. హోరు వచ్చినప్పుడు పికప్ కొంచెం తగ్గినట్టు అనిపించేది అందుకే. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషం రెండు నిమిషాలు హోరుమన్నా కంగారు పడనక్కర్లేదు. రాత్రంతా బండి ఆగి ఉండటంతో ఆయిల్ లోపలికి చేరి ఉంటుంది, తిరిగేకొద్దీ వెనక్కి పోతుంది.

అంటే మధ్యాహ్నపు హోరు చాలాసార్లు జబ్బు కాదు, ఫ్యాన్ తన పని తాను చేస్తోంది. అడగాల్సింది ఇంత తరచుగా ఎందుకు చేయాల్సి వస్తోందని. పెద్దాయన ఫ్యాన్ జోలికి పోలేదు. ముందు జాలీ తీయించి, ఇంటర్‌కూలర్‌కూ (టర్బో గాలిని చల్లార్చేది) రేడియేటర్‌కూ మధ్య సందులో చెయ్యి పెట్టి గుప్పెడు ఊక, తవుడు దుమ్ము తీసి నా చేతిలో పోశాడు. మిల్లుల్లో గంటల తరబడి ఇంజన్ ఆన్‌లో పెట్టి లోడింగ్‌కు నిలబడిన పాపం అది. ముందు నుంచి చూస్తే రేడియేటర్ శుభ్రంగానే కనిపించేది. ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు ఒత్తిడితో నీళ్లు కొట్టించాడు. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే పలచటి రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. కడిగించాక అదే రోడ్డులో, అదే ఎండలో హోరు రావడం బాగా తగ్గింది. వచ్చినా రెండు మూడు నిమిషాల్లో ఆగిపోయేది.

ఫ్యాన్ నిజంగా పాడైందా అన్నది ఇంజన్ ఆపి చేత్తో తిప్పితే తెలుస్తుంది. బరువుగా, తేనెలో తిరిగినట్టు తిరిగితే మంచిది. సైకిల్ చక్రంలా నాలుగైదు చుట్లు తిరిగితే ఆయిల్ పోయింది. అలాంటి ఫ్యాన్ హోరే పెట్టదు, టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. దిమ్మె మీద మధ్య నుంచి బయటికి జిడ్డు చారలు ఉంటే అదే గుర్తు. అసలు కదలకపోతే జామ్ అయింది, పొద్దున నుంచి రాత్రి దాకా హోరే, డీజిలూ ఎక్కువ తాగుతుంది. ఇంకొకటి, గేరు వేసి ఎక్సలేటర్ నొక్కినప్పుడు మాత్రమే టకటక అని తగిలితే ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లు కుంగి, రెక్కలు చుట్టూ ఉన్న రేకుకు తగులుతున్నాయేమో చూడండి. రేకు మీద గీతలు పడి ఉంటాయి.

నా బిల్లు చివరికి ఒక కొత్త ఆల్టర్నేటర్ పుల్లీ, రెండు బెల్టులు, ఒక వాటర్ వాష్. జత బెల్టులుంటే ఒక్కటి మార్చొద్దు, పాతది సాగి ఉంటుంది కాబట్టి బరువంతా కొత్తదాని మీదే పడుతుంది. బిగువుకు మాన్యువల్ లేకపోతే, రెండు పుల్లీల మధ్య పొడుగు వైపున బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. నేను చేసినట్టు వీణ తీగలా బిగించారంటే ఆల్టర్నేటర్ బేరింగ్, పంపు బేరింగ్ రెండూ పోతాయి, అప్పుడు నిజంగానే పంపు దించాల్సి వస్తుంది. కొత్త బెల్ట్ మొదటి ట్రిప్పులోనే కాస్త సాగుతుంది, తిరిగి రాగానే ఒకసారి నొక్కి చూసుకోండి.

ముందు హెడ్‌లైట్ల పరీక్ష, తర్వాత బెల్ట్ తీసి వినడం, ఆ తర్వాత గాడిలో టార్చి. ఈ మూడూ చేసి ఏం కనిపించిందో రాయండి. బెల్ట్ తీశాక కూడా ముందు వైపు నుంచి గరగర వస్తుంటే మాత్రం అది ఇంజన్ లోపలి టైమింగ్ గేర్ల వైపు వ్యవహారం. దానికి నా అనుభవం పనికిరాదు, మంచి ఇంజన్ మెకానిక్‌కే చూపించండి.