చిన్నీ, సామాన్లు తగ్గించు

చిన్నీ,

ఉద్యోగానికి సెలవు పెట్టి గంటసేపు సోలో నాట్యం చేయబోతున్నావని, అదీ అమెరికా తన గురించి తాను చెప్పుకునే కథల మీద అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం, టెన్షన్ రెండూ కలిసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ అమ్మ బెంగంతా ఉద్యోగం గురించి. నా బెంగ వేరు.

హాలు ముందే బుక్ చెయ్యి. లైట్లు వేసే అబ్బాయితో కనీసం రెండు రిహార్సల్స్ చెయ్యి. స్టేజి కింద చెక్క ఉందో కాంక్రీటు ఉందో స్వయంగా వెళ్లి చూడు. కాంక్రీటు మీద గెంతావంటే ఊరుకోను, మోకాళ్లు మళ్లీ రావు తల్లీ.

నువ్వు పంపిన ప్లాన్ చదివాను. కౌబాయ్ టోపీ, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ కిరీటం, రైలు పట్టా, చంద్రుడి మీద జెండా, మధ్యమధ్యలో రికార్డు చేసిన మాటలు. చదువుతుంటే న్యూజెర్సీ ఎడిసన్‌లో నాతోపాటు పిల్లలకు కూచిపూడి నేర్పిన స్నేహితురాలు కళ్లముందు మెదిలింది. తరంగంలో పళ్లెం అంచు మీద ఆమె పాదాలు నడుస్తుంటే మాకు ఊపిరి ఆగిపోయేది. అలాంటి మనిషి వలస వచ్చినవాళ్ల కథ చేస్తానని సూట్‌కేసు, పాస్‌పోర్టు, జెండా, కిరీటం, దివిటీ అన్నీ స్టేజి మీదికి తెచ్చింది. ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవడానికి లోపలికి వెళ్లినప్పుడల్లా స్టేజి ఖాళీ, స్పీకర్లో మాటలు. చివర్లో కిరీటం జారుతుంటే ఎడమచేత్తో దాన్ని పట్టుకుని కుడిచేత్తో దివిటీ ఎత్తింది. చూసినవాళ్లంతా కాస్ట్యూమ్స్ బాగున్నాయన్నారు. తల్లిని ఊళ్లో వదిలి వచ్చిన బాధ చెప్పాలని మొదలుపెట్టింది పాపం. గ్రీన్ రూమ్‌లో జడలోంచి పిన్నులు తీసుకుంటూ, "అందులో నేనెక్కడున్నానే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత పిల్లలకు నేర్పిందే కానీ స్టేజి ఎక్కలేదు. నీకు అలా జరుగుతుందేమోనన్నదే నా భయమంతా.

భామాకలాపంలో తెర మీదుగా ఒక్క జడ వేస్తే చాలు, ముఖం చూడకముందే సత్యభామ ఎవరో తెలిసిపోతుంది. అమెరికా నర్తకి మార్తా గ్రాహం 1935లో 'ఫ్రాంటియర్' సోలో చేసినప్పుడు స్టేజి మీద ఒక చిన్న కంచె, దాని వెనకనుంచి రెండు మూలలకూ పైకి సాగిన రెండు తాళ్లు, అంతే. ఆ తాళ్ల మధ్య నిలబడి అంత పెద్ద మైదానాన్నీ ఒళ్లుతో చూపించింది. ఆ తాళ్లు కట్టించిన అమెరికా శిల్పి ఇసాము నొగూచి తండ్రి జపాన్ మనిషి. 1942లో జపాన్‌తో యుద్ధం వేళ అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్నవాళ్లని నిర్బంధ శిబిరాల్లో పెట్టినప్పుడు, తోటివాళ్లకి సాయం చేద్దామని తనంతట తానే అరిజోనాలోని పోస్టన్ శిబిరానికి వెళ్లాడు. బయటికి రావడానికి నెలలు పట్టింది. నువ్వు వెతుకుతున్న అమెరికా ఇదిగో, ఇక్కడుంది.

నన్నడిగితే రైలు ఒక్కటే ఉంచు. 1869 మే 10న యూటాలో తూర్పు, పడమర పట్టాలు కలిసినప్పటి ఫొటో చూశావుగా? ఆ పట్టాల కోసం సియెరా కొండల్ని తొలిచిన చైనా కూలీలు అందులో దాదాపు కనిపించరు. గంట నిండటానికి అదొక్కటి చాలు.

"ఇండియా అమ్మాయికి ఈ కథలతో ఏం పని?" అని అడిగేవాళ్లు ఉంటారు. 1906లో రూత్ సెయింట్ డెనిస్ అనే అమెరికా నర్తకి ఇండియా మొహం చూడకముందే 'రాధ' పేరుతో నాట్యం చేస్తే అక్కడి జనం ఎగబడి చూశారు. నువ్వు న్యూజెర్సీలో పుట్టి పెరిగినదానివి. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకు, ప్రోగ్రామ్ కాగితంలో కూడా.

రాత్రి రిహార్సల్ అయ్యాక ఒక్కదానివే కారు నడుపుకుంటూ ఎంత దూరం వెళ్తావే? తిని బయల్దేరు, ఇంటికి చేరగానే మెసేజ్ పెట్టు, ఇక్కడ పగలే కదా, చూస్తాను. వచ్చే వారానికి ఒక పది నిమిషాలు మాటలు తీసేసి, టోపీ లేకుండా వీడియో తీసి పంపు. ప్రోగ్రామ్‌కి నేను వస్తున్నాను. నాకు మధ్య వరుసలో సీటు ఉంచు, మరీ ముందు కూర్చుంటే పాదాలు కనపడవు.

పెద్దమ్మ