ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లోని ఆటలు లినక్స్‌లో తెరుచుకోకపోతే

విండోస్‌తో పంచుకుంటున్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) డ్రైవ్‌లోని ఆటను ఉబుంటు అనే లినక్స్‌లో స్టీమ్ (ఆటల యాప్) ద్వారా ప్రారంభిస్తే, ‘ప్లే’ నొక్కిన కొన్ని క్షణాలకే ఏ సందేశమూ లేకుండా ఆగిపోతోందని మీరు రాశారు. గ్రాఫిక్స్ కార్డును అనుమానించే ముందు ఆ డ్రైవ్ సంగతి చూడండి. చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం.

వాల్వ్ సంస్థ 2018లో విడుదల చేసిన ప్రోటాన్ విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే సాధనం. అది వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) ఆధారంగా పనిచేస్తూ, ప్రతి ఆటకూ కాంప్యాట్‌డేటా అనే ఫోల్డర్‌లో ఒక చిన్న విండోస్ పరిసరాన్ని నిర్మిస్తుంది. అందులో సీ డ్రైవ్‌ను సూచించే సింబాలిక్ లింకు (మరో చోట ఉన్న ఫోల్డర్‌కు దారి చూపే ఫైలు) పేరులోనే కోలన్ (:) గుర్తు ఉంటుంది. విండోస్ ఫైలు పేర్లలో ఆ గుర్తును అనుమతించదు కనుక, ఎన్‌టీఎఫ్‌ఎస్‌పై ఆ లింకు ఏర్పడకపోవచ్చు; ఏర్పడినా, తరువాత విండోస్ డిస్కును తనిఖీ చేసేటప్పుడు దాన్ని లోపంగా భావించవచ్చు.

అన్నింటికన్నా నమ్మకమైన మార్గం, ఈఎక్స్‌టీ4 (లినక్స్ సొంత ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌లో, అంటే డిస్కు భాగంలో, కొత్త స్టీమ్ లైబ్రరీని ఏర్పాటు చేసి ఆటను అక్కడికి తరలించడం. అంత స్థలం లేకపోతే కాంప్యాట్‌డేటా ఫోల్డర్‌ను మాత్రమే ఈఎక్స్‌టీ4లో ఉంచి, పాత చోట దానికి సింబాలిక్ లింకు పెట్టండి. ఈ రెండో పద్ధతిని ఎంచుకుంటే విండోస్‌లో కంప్యూటర్ త్వరగా తెరుచుకునేలా చేసే ఫాస్ట్ స్టార్టప్‌ను తప్పక ఆపివేయండి. అది అమలులో ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ను పూర్తిగా వదలదు, అప్పుడు లినక్స్‌లో అది చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు, ఆటకు తన ఫైళ్లను రాయడం సాధ్యపడదు.

ఆట తెరుచుకున్నాక మొదటి కొద్ది నిమిషాలు తడబడితే కంగారు పడకండి. విండోస్ ఆటలు వాడే డైరెక్ట్‌3డీ గ్రాఫిక్స్ ఆదేశాలను ప్రోటాన్‌లోని డీఎక్స్‌వీకే అనే భాగం, లినక్స్‌లో పనిచేసే వల్కన్ ఆదేశాల్లోకి మార్చే క్రమంలో షేడర్లు (దృశ్యాలను గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమవుతుండటమే అందుకు సాధారణ కారణం.