కంపెనీ మూతపడేలా ఉంటే పీఎఫ్ తీసేసుకోవాలా?

బాలానగర్‌లో పని, 42 ఏళ్ల వయసు, రెండు నెలలుగా జీతం సగమే ఇస్తున్నారు, తోటివాళ్లు మానేసి పీఎఫ్ తీసుకుంటున్నారు, నేనూ తీసుకోనా అని అడిగారు. వద్దంటాను. అయితే అంతకన్నా ముందు ఒక మాట. ఆ డబ్బు నిజంగా మీ ఖాతాలో పడుతోందో లేదో ఎప్పుడైనా చూశారా?

నేను చూడలేదు. జీడిమెట్లలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో 19 ఏళ్లు లేత్ మీద పనిచేసి 2022లో రిటైరయ్యాను. 2018లో మా అమ్మాయి పెళ్లికి పీఎఫ్ అడ్వాన్సు పెడదామని పాస్‌బుక్ తెరిపిస్తే, 11 నెలలుగా ఒక్క రూపాయి జమ లేదు. పే స్లిప్పులో మాత్రం నెలనెలా కోత పడుతూనే ఉంది. అంటే నా జీతంలో పట్టుకున్న 12 శాతమూ కట్టలేదు, కంపెనీ తన వంతుగా వేయాల్సిన 12 శాతమూ వేయలేదు. అకౌంట్స్ ఆయనను అడిగితే ఆర్డర్లు లేవు, వచ్చే నెల కట్టేస్తాం అన్నారు. నేను నమ్మాను. ఆ నమ్మకంలోనే మరో మూడు నెలలు గడిచాయి. పెళ్లి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో జరిగింది.

కోత వేరు, జమ వేరు. ఒక నెల జీతం మీద పీఎఫ్‌ను కంపెనీ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. మీ యూఏఎన్‌తో (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత నంబరు) ముడిపడిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిగా పడిన జమ ఎంతో మెసేజ్ వస్తుంది. ప్రభుత్వ యాప్ ఉమంగ్‌లో పాస్‌బుక్ మొత్తం కనిపిస్తుంది. జీతం సగం ఇస్తున్న యాజమాన్యం పీఎఫ్ మాత్రం సక్రమంగా కడుతుందని నేనైతే అనుకోను.

ఒకవేళ పడకపోతే ఒంటరిగా వెళ్లి అడగకండి. మేం నలుగురం కలిసి పీఎఫ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, గుర్తింపు కార్డు నకళ్లు జత చేశాం. పే స్లిప్పులు దాచుకున్నది మాలో ఒక్కడే. మిగతా ముగ్గురం ఇంట్లో అట్టపెట్టెలన్నీ తిరగేశాం. 1952 నాటి పీఎఫ్ చట్టంలో 7ఏ అనే సెక్షన్ కింద విచారణ జరిపి బకాయి ఎంతో తేల్చారు. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ, దాని మీద జరిమానా కంపెనీయే కట్టాలి. మా యాజమాన్యం వాయిదాల మీద వాయిదాలు అడిగింది. చివరికి వాళ్ల బ్యాంకు ఖాతా జప్తు చేస్తామన్న నోటీసు వచ్చాకే కదిలింది. మొత్తం పడేసరికి ఏడాదిన్నర పట్టింది. కార్మికుడి జీతంలో పట్టుకుని కట్టకపోవడం నమ్మకద్రోహం కింద నేరం కూడా. ఆ మాట విచారణలో వినిపించిన రోజున మాత్రం మా యజమాని ముఖం చూడాల్సింది.

ఇక కంపెనీ మూతపడితే ఏమవుతుందన్న భయం. ఇప్పటికే పీఎఫ్ ఖాతాలో పడిన సొమ్ము కంపెనీది కాదు. కంపెనీ మునిగినా మీ డబ్బు మునగదు. (కొన్ని పెద్ద కంపెనీలు పీఎఫ్‌ను సొంత ట్రస్టు పెట్టుకుని నడుపుతాయి. మీది అలాంటిదేమో అడిగి తెలుసుకోండి.) కట్టని బకాయి సంగతికి వస్తే, 2016 నాటి దివాలా చట్టం ప్రకారం కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులవాళ్లకు పంచేటప్పుడు పీఎఫ్, పింఛను, గ్రాచ్యుటీ నిధుల నుంచి కార్మికులకు రావాల్సిన సొమ్మును ఆ పంపకంలో కలపకూడదు.

అసలు నష్టం కంపెనీ వల్ల కాదు, మన చేతుల్లోనే జరుగుతుంది. 1996లో సనత్‌నగర్‌లో మొదటి ఉద్యోగం. ఏడేళ్లు చేసి 2003లో మారినప్పుడు పీఎఫ్‌తో పాటు పింఛను వాటా కూడా ఫారం 10సీ పెట్టి తీసేసుకున్నాను. ఆ డబ్బుతో పాత స్కూటరు కొన్నాను. కంపెనీ వేసే 12 శాతంలో 8.33 శాతం పింఛనుకు వెళ్తుందని, ఇప్పుడున్న 15,000 జీతం పరిమితి మీద అది నెలకు 1,250 అని నాకు అప్పుడు తెలియదు. పింఛను లెక్క సులువే: సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. 2014 ఆగస్టు వరకు ఉన్న సర్వీసుకు 6,500, ఆ తర్వాతి సర్వీసుకు 15,000 మించి లెక్కలోకి తీసుకోరు. నాకు 11 ఏళ్లకు 1,021, ఎనిమిదేళ్లకు 1,714. మొత్తం 2,735 రూపాయలు. చిన్న మొత్తమే, కాదనను. అయినా ఆ ఏడేళ్లు ఉంచుకుని ఉంటే నెలకు మరో 650 వచ్చేది. పైగా సర్వీసు 20 ఏళ్లు దాటేది కాబట్టి అదనంగా రెండేళ్లు కలిపేవారు. స్కూటరు 2009లోనే తుక్కుకు పోయింది.

పదేళ్లు నిండకపోతే నెలనెలా పింఛనే రాదు. మీకు ఎన్నేళ్లయిందో రాయలేదు. తొమ్మిదేళ్ల దగ్గర ఉంటే మాత్రం పింఛను వాటా ముట్టుకోవద్దు. ఉద్యోగం మారితే పీఎఫ్‌ను కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోండి. వెంటనే పని దొరకకపోతే పింఛను సర్వీసుకు స్కీమ్ సర్టిఫికెట్ (ఇప్పటివరకు చేసిన సర్వీసు పోకుండా నిలిపి ఉంచే కాగితం) తీసుకోండి. విత్‌డ్రా నిబంధనలు ఈ మధ్య మారాయి, తోటివాళ్ల మాట మీద ఆధారపడకుండా పీఎఫ్ వెబ్‌సైటులోనే చూడండి.

తీసినవాళ్లు ఆ డబ్బు ఏం చేస్తున్నారో కూడా గమనించండి. మా షిఫ్టులో ఒకాయన మొత్తం తెచ్చి వీధిలో చిట్టీలు వేసే మనిషి చేతిలో పెట్టాడు. మూడు రూపాయల వడ్డీ అన్నారు. ఎనిమిది నెలలు వచ్చింది, తర్వాత ఆ ఇంటికి తాళం. పీఎఫ్ మీద 2023-24కు ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. ఇంటి ఖర్చుకు ఇబ్బంది అవుతుందని తెలుసు. ఓవర్‌టైం డబ్బు వచ్చినప్పుడల్లా పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే పొదుపు) వేసి మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్న ఇంట్లో పీఎఫ్ జోలికి వెళ్లే అవసరం తక్కువ. నాకు ఆ తెలివి యాభై దాటాక వచ్చింది.

మీరు అడగని విషయం గ్రాచ్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఒకేసారి ఇవ్వాల్సిన సొమ్ము. ఐదేళ్లు నిండితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున రావాలి. మూల వేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి నెలకు 20,000, సర్వీసు 15 ఏళ్లు అయితే 1,73,077 రూపాయలు. ఇది పీఎఫ్‌లా నెలనెలా మీ పేరున జమ కాదు, చాలా చోట్ల యజమాని జేబులోంచే రావాలి. అందుకే కంపెనీ కుంటుతున్నప్పుడు నాకు పీఎఫ్ కన్నా దీని మీదే ఎక్కువ భయం. మానేసిన రోజే గ్రాచ్యుటీ కావాలని రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

పేరు కూడా సరిచూసుకోండి. మన ఇంటిపేరు ఆధార్‌లో చివర, పీఎఫ్‌లో ముందు ఒక్క అక్షరం, బ్యాంకులో అసలు లేకుండా ఉంటుంది. నా పుట్టిన తేదీ బడిలో అయ్యవారు వేసిన జూన్ 1, పీఎఫ్‌లో ఇంకేదో. దిద్దించడానికి యాజమాన్యం సంతకం కూడా పెట్టాల్సి వచ్చింది. కంపెనీ తలుపులు తెరిచి ఉన్నప్పుడే ఆ సంతకం దొరుకుతుంది. నామినీగా ఎవరి పేరుందో కూడా అప్పుడే చూసుకోండి, పెళ్లికి ముందు రాసినదైతే మార్చాలి.

పాస్‌బుక్‌లో చివరి జమ ఏ నెలదో, మీ సర్వీసు ఎన్నేళ్లో చూసి కింద రాయండి. దాన్ని బట్టి ఫిర్యాదు ఎలా రాయాలో చెబుతాను. మేం ఇచ్చిన కాగితం నకలు నా దగ్గర ఇంకా ఉంది.