అక్షింతల పురుగా, అల్లిక రెక్కల పురుగా?

ఆనందపురం దగ్గర చిక్కుడు పందిరికి పేనుబంక (చిగుళ్ల రసం పీల్చే బుల్లి పురుగు) పట్టింది, దాన్ని తినే ఈ రెండు మిత్రపురుగుల్లో ఏది మేలు అని అడిగారు. మాదీ పద్మనాభం వైపేనండి, చిక్కుడూ బొబ్బరే ఎక్కువ. ఒక్క పేనుబంకకే అయితే నా ఓటు అక్షింతల పురుగుకి (లేడీబర్డ్). తల్లీ తింటుంది, పిల్లా తింటుంది. డబ్బు పెట్టి తేనక్కర్లేదు, బంక ఉన్నచోటికి అదే వస్తుంది.

చిక్కల్లా దాని పిల్లతోనే. నల్లగా, ఒంటి మీద నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా ఉంటుంది. ఇదేదో కొత్త పురుగని కూలీలు నలిపేస్తుంటారు. ఆకు అడుగున గుంపుగా నిలబెట్టినట్టున్న పసుప్పచ్చ గుడ్లు కనిపిస్తే వాటినీ వదిలేయమనండి.

అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) లెక్క వేరు. రాత్రిపూట వరండా లైటు దగ్గర వాలే లేతాకుపచ్చ పురుగు అదే, కళ్లు బంగారు రంగులో మెరుస్తాయి. మన పొలాల్లో ఉండే రకంలో పెద్దది పుప్పొడి, తేనె, బంక కార్చే తీపితో బతికేస్తుంది, వేటంతా పిల్లదే. ఓసారి భూతద్దం పెట్టి చూశాను: వంకర కోరలతో పేనుని పట్టి, పైకెత్తి, రసం పీల్చి ఒట్టి తొక్క పారేసింది. ఆకలేస్తే తోడబుట్టినవాటినీ వదలదు. అందుకే తల్లి ఒక్కో గుడ్డునీ వెంట్రుకంత కాడ చివర పెడుతుంది. మీరు గుడ్లు కొని వదిలినా ఒకేచోట కుమ్మరించకండి, సాయంత్రం పూట పలచగా చల్లండి. తామరపురుగు, తెల్లదోమ పిల్లలు, సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగుల గుడ్లు కూడా తింటుంది కాబట్టి మిరపకైతే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఏది ఎంచుకున్నా ముందు పందిరి రాటలకు చీమలు ఎక్కుతున్నాయేమో చూడండి. బంక కార్చే తీపి కోసం చీమలు పేనుకి కాపలా కాసి, ఈ రెండిటినీ తరిమేస్తాయి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు కొడితే మిత్రులూ పోతాయి. బంక చిగుళ్లకే పరిమితమైతే పొద్దున్నే నీళ్లు గట్టిగా కొట్టండి, చాలా మటుకు రాలిపోతుంది.

పక్కన వంగ ఉంటే మాత్రం జాగ్రత్త. అక్కడ 28 చుక్కలతో, మెరుపు లేకుండా సన్నటి నూగుతో కనిపించేది అక్షింతల పురుగుకి చుట్టమే గానీ ఆకు తినే రకం. దాని పిల్లలు పసుపు రంగులో ముళ్లముళ్లుగా ఉండి, ఆకు పచ్చదనమంతా గీకేస్తాయి. వాటిని మొహమాటం లేకుండా ఏరేయొచ్చు.

గట్టు మీద నాలుగు ధనియాలు చల్లి పూతకి రానివ్వండి. అల్లిక రెక్కల పెద్ద పురుగులకి ఆ పూలే తిండి.