తోడి ఎందుకు నిలవలేదు?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, కర్ణాటక సంగీతంలో వయొలిన్ వాయిస్తాడు. దసరా నుంచి పుష్య బహుళ పంచమి దాకా విజయవాడ, గుంటూరుల్లో నాలుగు సోలో కచేరీలు చేశాడు, మరో ఆరింటిలో గాయకులకు పక్కవాద్యం వాయించాడు. ఒక సమీక్షలో ‘చేతివేగం అబ్బురం, తోడి రాగం మాత్రం నిలవలేదు’ అని రాశారు. ఇంకొకరు ‘వయొలిన్ గాయకురాలిని మింగేసింది’ అన్నారు. వాడు దిగులుపడి సాధన తగ్గించాడు. ఏం చేయమంటారు? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అవి రెండూ ఒకే లోపం కాదమ్మా, విడివిడిగా చూడాలి. ముందుగా సోలో కచేరీ రికార్డింగు పెట్టుకుని ఏ అంశానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కాగితం మీద రాయమనండి. రెండు గంటల కచేరీలో మొదట వాయించే వర్ణానికి 5, 6 నిమిషాలు చాలు. ప్రధాన రాగం ఆలాపనకు (తాళం లేకుండా రాగాన్ని విస్తరించడానికి) 12 నుంచి 15, కృతి, నెరవల్ (కృతిలో ఒక పంక్తిని రకరకాలుగా విస్తరించడం), స్వరకల్పనలకు (అప్పటికప్పుడు స్వరాలు అల్లడానికి) కలిపి 25, మృదంగం వంటి తాళవాద్యాల వంతైన తని ఆవర్తనానికి 10 నిమిషాలు అట్టేపెట్టాలి. కుర్రవాళ్లు చప్పట్ల కోసం మొదటే మూడు నాలుగు ద్రుత (వేగంగా సాగే) కృతులు వాయించేస్తారు. తీరా తోడికి వచ్చేసరికి ఏడెనిమిది నిమిషాలే మిగులుతాయి. అంత ఇరుకులో ఏ రాగమైనా ఎలా నిలుస్తుంది?

సమయం సరిపోయినా తోడి నిలవకపోతే కమాను (వయొలిన్ తీగల మీద లాగే బద్ద) చూడాలి. తోడికి ప్రాణం ఊగే గాంధారం (గ). ఆ ఊపు మధ్యలో కమాను తిప్పితే గమకం తెగి, స్వరం మెట్టుమీద మెట్టులా వినిపిస్తుంది. రోజూ సాధన మొదట్లో 20 నిమిషాలు తంబురా శ్రుతిలో ఒక్కో స్వరాన్ని 10 సెకన్లపాటు ఒకే కమానులో నిలపమనండి. తర్వాత పంచమం (ప) వదిలేసి ‘గ మ ద ని’ సంచారాన్ని ఒకే కమానులో, విళంబంలో (నిదానంగా) పట్టాలి. పై స్థాయికి తొందరపడి పోకూడదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారి (1893–1964) రికార్డులు వింటూ కమాను ఎక్కడ మారుతోందో మాత్రమే గమనించమనండి. వేగం మంచి గుణమే, దాన్ని మానుకోనక్కర్లేదు.

ఇక పక్కవాద్యం. గాయకురాలు ఆలాపన చేస్తున్నప్పుడు ఆమె పలుకు చివర్ని పట్టుకుని మెత్తగా నడవాలి. ముందుకు దూకకూడదు. ఆమె 12 నిమిషాలు పాడితే తన వంతు 5 నిమిషాల్లో ముగించాలి. స్వరకల్పనలో ఆమె రెండు తాళం ఆవర్తాలు పాడితే తనూ రెండే.

అయితే ‘మింగేసింది’ అన్న మాట మైకు వల్ల కూడా వచ్చి ఉండొచ్చు. వయొలిన్‌కు అంటించే కాంటాక్ట్ మైకు మోత పెంచితే ఎంత మెత్తగా వాయించినా కరుకుగా వస్తుంది. కచేరీకి ముందు గాత్రం, వయొలిన్ కలిపి మైకు సరిచూడాలి. మీరు హాలు వెనక వరుసలో కూర్చుని విని చెప్పండి. సమీక్షకుడికి వినిపించేది స్పీకరులోంచి వచ్చినదే.

ప్రశ్న: పక్కవాద్యానికి వెళ్తే ఒకరోజు గాయకుడికి 1 శ్రుతి (తక్కువ), మర్నాడు గాయనికి 5 శ్రుతి (ఎక్కువ). ఒకే వయొలిన్. తీగలు చుట్టే బిరడాలు జారిపోతున్నాయి, తీగలు తెగుతున్నాయి. – విజయవాడ పాఠకుడు

జవాబు: సీజనంతా వాయించేవారికి రెండు వయొలిన్లు ఉంటేనే మేలు. తక్కువ శ్రుతికి మామూలు తీగలు వదులై గరగరలాడతాయి, లావు తీగలు వేయాలి. అవే లావు తీగలను 5కు లాగితే తెగుతాయి. తీగలు ఒక్కోటిగానే మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే లోపల నిలబెట్టే చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోవచ్చు. శ్రుతి పెంచినప్పుడల్లా తీగలను మోసే బ్రిడ్జి చేతివేళ్ల పలక వైపు వాలుతుంది. రెండు చేతులతో పట్టుకుని నిటారుగా సర్దండి. కొత్త తీగలు కచేరీకి నాలుగైదు రోజుల ముందే వేసి వాయిస్తూ ఉంటే సాగడం ఆగుతుంది.

వానాకాలం తేమకు కర్ర ఉబ్బి బిరడా బిగుసుకుంటుంది. ఏసీ హాల్లో కర్ర ఎండి జారుతుంది. అందుకే హాలుకు గంట ముందే వెళ్లి, పెట్టె మూత తీసి వయొలిన్‌ను ఆ గాలికి అలవాటు పడనివ్వండి, తర్వాతే శ్రుతి చేయండి. అప్పటికీ జారితే కాస్త సుద్దపొడి రాయండి. నూనె మాత్రం ఎప్పుడూ వద్దు.