సీనిక్ రోడ్డు బోర్డు కంటే ముందు గెడ్డ మీద కల్వర్టు కట్టండి

ప్రశ్న: "అమెరికాలో అందమైన రోడ్లను 'సీనిక్ బైవే' అని ప్రకటిస్తారు కదా. మన అరకు ఘాట్ రోడ్డుకు అలాంటి హోదా ఇస్తే చుట్టుపక్కల పల్లెలు బాగుపడతాయా?"

నేను అనంతగిరి మండలంలో తొమ్మిదేళ్లు టీచరుగా పనిచేశాను. ఆ ఘాట్‌లో ఏ మలుపు దగ్గర మంచు ఎక్కువ దిగుతుందో, ఏ మలుపులో బస్సు డ్రైవరు గేరు మారుస్తాడో కళ్లు మూసుకుని చెప్పగలను. నా సమాధానం ఒక్కటే. పల్లె నుంచి ఆ రోడ్డుకు దిగే దారి వేయనంతకాలం హోదా వల్ల పల్లెకు ఒరిగేదేమీ లేదు.

2019 డిసెంబరు, ఆదివారం. మా బడి ఉన్న ఊరు మెయిన్ రోడ్డుకు 6 కిలోమీటర్ల పైన, కొండ మీద. 34 గడపలు. పొద్దున్నే ఒకాయన నా గది తలుపు కొట్టి "మాస్టారూ, మా ఇంటిదానికి నొప్పులొస్తున్నాయి, 108కి ఫోన్ చెయ్యండి" అన్నాడు. సిగ్నల్ కోసం నేను టేకు చెట్ల దాకా వెళ్లి ఫోన్ చేసి వచ్చేసరికి డోలీ కట్టేశారు. గట్టి వెదురు బొంగుకు దుప్పటి ముడేసి, ఆవిడను అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాలకెత్తుకున్నారు. బొంగు ఒరుసుకోకుండా భుజం మీద తుండుగుడ్డ మడత. వంద అడుగులకోసారి మనుషులు మారాలి. మధ్యలో గెడ్డ. డిసెంబరు కాబట్టి మోకాళ్ల లోతే ఉంది. అదే ఆగస్టు అయితే దాటే పనే లేదు. ఆశా వర్కరు పక్కనే నడుస్తూ ఆవిడ చెయ్యి వదల్లేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది.

రోడ్డెక్కితే గండం గడిచిందనుకున్నాం. కానీ కింద వ్యూ పాయింట్ దగ్గర కార్లు మలుపులోనే రెండు వైపులా ఆపేసి ఫొటోలు దిగుతున్నారు. ఎస్.కోట నుంచి రావాల్సిన అంబులెన్స్ ఆ వరసలో ఎక్కడో ఇరుక్కుంది. సైరన్ వినిపిస్తోంది, బండి మాత్రం కనిపించదు. ఇక ఆగలేక డోలీతోనే తారు రోడ్డు మీద కిందికి నడిచాం. కారు అద్దాలకు బొంగు తగలకుండా పక్కకు ఒరిగి ఒరిగి నడవాలి. అప్పుడు వైజాగ్ కుర్రాడొకడు కారు దిగి, ఏమీ అడక్కుండా ముందు పరిగెత్తి బానెట్ల మీద చరుస్తూ దారి చేయించాడు. మావాళ్లలో ఒకరు అలిసిపోతే తనే బొంగు కింద భుజం పెట్టాడు. కిలోమీటరు దూరానికి అరగంట పట్టింది. అంబులెన్స్ దొరికింది, ఆస్పత్రిలో మగపిల్లాడు పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం.

కాబట్టి నాకు టూరిస్టుల మీద కోపం లేదు. మంచు, వలిసె పూలు చూడాలని పిల్లాపాపలతో వచ్చేవాళ్ల తప్పేముంది? బండి ఆపుకోవడానికి మలుపుకు దూరంగా చోటు చూపించని ప్లానింగుది తప్పు. వ్యూ పాయింట్‌కు రెయిలింగ్, రంగులు, సెల్ఫీ బోర్డు వచ్చాయి, చెత్తకుండీ రాలేదు. పేపరు కప్పులన్నీ కొండవాలు మీద మా పిల్లలు మేకలు మేపే చోటికే దొర్లుతాయి. ఎన్నిసార్లు అర్జీ పెట్టానో!

ఇప్పుడీ రోడ్డు 516ఇ జాతీయ రహదారిలో భాగం. రాజమండ్రి నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా వెళ్తుంది. దానికి నిధులొస్తాయి. పైనున్న ఊళ్ల సంగతి? 2000లో మొదలైన గ్రామ సడక్ యోజనలో ఏజెన్సీ ఊరికి రోడ్డు రావాలంటే కనీసం 250 మంది జనాభా ఉండాలి. మా ఊళ్లో 160 మంది. 2023లో పీఎం జన్‌మన్ వచ్చాక వంద మంది ఉన్నా వేస్తామన్నారు, కానీ అది పీవీటీజీల ఊళ్లకే, అంటే గిరిజనుల్లోనూ బాగా వెనకబడినవిగా ప్రభుత్వం గుర్తించిన తెగల ఊళ్లకే. మావాళ్లు కొండదొరలు, ఆ లిస్టులో లేరు. అడవి అడ్డం అంటారా? అటవీ హక్కుల చట్టం 2006లోనే దారి ఉంది. గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారు లోపు భూమిని, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, రోడ్డుకు వాడుకోవచ్చు. ఆ కాగితం కదిలించే మనిషే లేడు.

అమెరికా పేరెత్తారు కాబట్టి చెబుతున్నా. 1991లో మొదలైన వాళ్ల పథకంలో బైవే హోదా కావాలంటే స్థానికులను కలుపుకుని ఆ దారి బాగోగులకు ఒక ప్లాన్ రాసుకోవాలి. మనకు ఏజెన్సీలో గ్రామసభకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996 నుంచి ఉంది. గ్రామసభను కూర్చోబెట్టి అడిగితే చాలు. వాళ్లు అడిగేది బోర్డులు కాదు. ఘాట్ మీద రూపాయి ఖర్చుపెడితే అందులో ఇంత వాటా పైఊళ్ల లింకు రోడ్లకు అని రూలు పెట్టాలి. అప్పుడు కాఫీ, మిరియాలు, పసుపు మోపులు నెత్తిన మోయకుండా జీపులో సంతకు దిగుతాయి. టూరిస్టులకు అమ్ముకోవడానికి వాళ్ల దగ్గర సరుకూ ఉంటుంది.

పోయిన సంక్రాంతికి వెళ్లొచ్చాను. సగం దూరం మట్టిరోడ్డు వేశారు, అది గెడ్డ ఒడ్డున ఆగిపోయింది. అవతలి ఒడ్డున, ఆ రోజు మోసిన వాళ్లలో ఒకతని ఇంటి చూరుకింద, డోలీ బొంగు ఇంకా వేలాడుతోంది.