వంగలో వేపనూనె కొట్టాక ఎర్రనల్లి ఎందుకు పెరిగింది?

ప్రశ్న: వంగ ఆకుల అడుగున రసం పీల్చే ఎర్రనల్లితో పాటు దాన్ని తినే నల్లులు కూడా కనిపించాయి. లీటరు నీటికి 10 మి.లీ. వేపనూనె, సబ్బుపొడి కలిపి 4 రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాను. పది రోజులకు ఎర్రనల్లి ఇంకా ఎక్కువైంది. వేపమందు మిత్రపురుగులను ఏమీ చేయదంటారు కదా?
– ఒక రైతు, చేవెళ్ల

జవాబు: వేపలోని మందు పదార్థం అజాడిరాక్టిన్. అది ఎదిగిన మిత్రనల్లులను, అంటే ఎర్రనల్లిని తినే నల్లులను, అంతగా చంపదు, గుడ్లు పెట్టడాన్ని మాత్రం కొంత తగ్గించవచ్చు. మీ తోటలో నష్టం చేసింది ముఖ్యంగా నూనె, సబ్బు. ఒంటి మీద నూనె పొర పడితే ఏ నల్లి అయినా ఊపిరాడక చస్తుంది. ఎర్రనల్లి తాను అల్లుకున్న సాలెగూడు లాంటి గూడు కింద ఉంటుంది, తుంపర అక్కడికి సరిగా చేరదు. మిత్రనల్లి మాత్రం ఆహారం కోసం ఆకంతా తిరుగుతూ ముందు తడుస్తుంది. నూనె ఆరాక ఈ ప్రమాదం చాలావరకు పోతుంది. కానీ మీరు నాలుగో రోజే మళ్లీ కొట్టడంతో, కొత్తగా పొదిగిన మిత్రనల్లి పిల్లలూ పోయాయి. ఎండ వేడికి ఎర్రనల్లి పది రోజుల లోపే ఒక తరం పూర్తి చేస్తుంది.

ఈ మధ్య కాయతొలుచు పురుగుకు సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటివి కొట్టారా? కొట్టి ఉంటే అసలు కారణం అదే కావచ్చు. ఆ మందుల అవశేషం వారాల తరబడి మిత్రనల్లిని ఆకు మీద నిలవనివ్వదు. వాటి బదులు తలలు వాలిన కొమ్మలను తుంచి నాశనం చేయండి, లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగులను ఆకర్షించి పట్టేవి) పెట్టండి.

ఇప్పుడు భూతద్దంతో 20 మొక్కల్లో ఆకుల అడుగున చూడండి. మిత్రనల్లి బేరిపండు ఆకారంలో నిగనిగలాడుతూ వేగంగా పరిగెత్తుతుంది, దాని గుడ్డు కోలగా ఉంటుంది. ఎర్రనల్లి నెమ్మదిగా కదులుతుంది, గుడ్లు గుండ్రం. సుమారు పది ఎర్రనల్లులకు ఒక మిత్రనల్లి ఉంటే వారం ఆగండి, మందు వద్దు.

మిత్రనల్లి అంతకన్నా తక్కువుంటే గూళ్లు కట్టిన ఆకులను తుంచి సంచిలో వేసి బయటకు తీసుకెళ్లండి. తర్వాత అజాడిరాక్టిన్ 10,000 పి.పి.ఎం. (అంటే 1 శాతం) మందు లీటరుకు 2 మి.లీ. చొప్పున, నల్లి ఉన్న మొక్కలకు మాత్రమే, సాయంత్రం పూట ఆకు అడుగు తడిసేలా కొట్టండి. మోతాదు తక్కువ కాబట్టి ఆకు మీద పడే నూనె కూడా తక్కువే. 5 శాతం వేపగింజల కషాయమైనా సరే. సబ్బుపొడి మానేయండి, అది ఆకులను మాడుస్తుంది కూడా. రెండోసారి కొట్టాలంటే కనీసం పది రోజులు ఆగి, మళ్లీ లెక్క చూశాకే.

తోటంతా గూళ్లు అల్లుకుపోతే వేపతో ఆగదు. అప్పుడు స్పైరోమెసిఫెన్ అనే నల్లిమందు లీటరుకు 1 మి.లీ. ఒక్కసారి కొట్టండి. ఇదీ మిత్రనల్లి సంతానాన్ని తగ్గిస్తుంది కాబట్టి ముందే తొందరపడవద్దు.

మరొక మాట. 'బయో' పేరుతో అమ్మే కొన్ని సీసాల్లో రసాయన మందులు కలుపుతున్నారు. కొట్టిన కొన్ని గంటల్లోనే పురుగులన్నీ రాలిపోతే అనుమానించాల్సిందే. లేబుల్ మీద నమోదు సంఖ్య, అజాడిరాక్టిన్ శాతం లేనిది కొనకండి.